మూడు సోమవారాలు

మొన్న 2025 జనవరి 20న, రాత్రి పదిన్నర దాటినాక మా ఊరి రచ్చకట్ట కాడ టపాసులు పేలినాయి. నేను పడుకుని అప్పటికి రెండు గంటలయింది. సంక్రాంతి పోయి వారం, ఉగాదికి ఇంకా రెండు నెలల పైన ఉండాది, ఊళ్ళో పెండ్లి లేదు, ఓట్లు లేవు. ఎవరి గడ్డివామో అంటుకున్నట్టుందని కండువా భుజాన వేసుకుని, చీకట్లో చేతికర్ర వెతుక్కుని, పడతా లేస్తా పోయి చూస్తే ఏముంది, వీధి లైటు కింద పాతికమంది పిల్లోళ్ళు, నడుమ స్టూలు మీద ఒక కేకు, వెనక వేపచెట్టుకు కట్టిన ఫ్లెక్సీ.

"ఏందిరా ఇది, వేళ కాని వేళ?" అన్నాను.

మా మనవడు ముందుకొచ్చి, "తాతా, అమెరికాలో ప్రమాణ స్వీకారం. మన ఉషక్క మొగుడు ఉపాధ్యక్షుడైనాడు" అన్నాడు.

నేను ఊళ్ళో ఇండ్లన్నీ మనసులోనే ఒక చుట్టు తిరిగొచ్చినాను. పడమటి వీధిలో ఉష అనే పిల్ల ఒకతి ఉండె గానీ ఆ పిల్లను గుత్తికి ఇచ్చినారు, ఆ అల్లుడు రైల్వేలో పని చేస్తాడు. "ఏ ఇంటి పిల్లరా?" అని మళ్ళీ అడిగినాను.

"మన ఊరి పిల్ల కాదు తాతా, తెలుగింటి పిల్ల. చిలుకూరి ఉష. వాళ్ళ పెద్దోళ్ళది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు" అని ఫోను నా ముక్కు కాడ పెట్టినాడు. చూసినాను. గులాబి రంగు కోటు తొడుక్కున్న అమ్మాయి, ఒక చంకలో కూతురు, ఇంకో చేతిలో బైబిలు, దాని మీద మొగుడు చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తాండాడు. అంతమంది పెద్దోళ్ళ ముందర బిడ్డను కిందికి దించకుండా నిలబడింది, ఆ ఒక్కటి నాకు నచ్చింది. మా ఆడోళ్ళు చంకన బిడ్డను పెట్టుకునే నీళ్ళు తోడినారు, కలుపు తీసినారు, ఎసరు పెట్టినారు. అమెరికాలోనే పుట్టి పెరిగిన ఆ అమ్మాయిలో గోదావరి నీళ్ళు ఎంతున్నాయో నాకు తెలియదు గానీ ఆ చంక మాత్రం మనదే.

అయినా నాకు అర్థం కాని సంగతి ఒకటుంది. వడ్లూరోళ్ళు పండగ చేసుకుంటే అందం. ఎన్నికలప్పుడే అక్కడ గుళ్ళో పూజలు చేసినారంట, చేయాల్సిందే, వాళ్ళ ఊరి నెత్తురు. వడ్లూరు తణుకు పక్కన ఉండాది, మేము గార్లదిన్నె పక్కన. వాళ్ళది వరి, మాది చెనిక్కాయ. వాళ్ళు కాలువ చూసి నారు పోస్తారు, మేము మబ్బు చూసి విత్తనం వేస్తాము. ఆ వడ్లూరి పండగ మా రచ్చకట్ట కాడికి ఎట్ల వచ్చిందిరా? ఫోన్లో వచ్చింది. ఇప్పుడు అన్నీ అందులోనే వస్తాయి, పండగలు, చావులు, వానలు, అన్నీ.

ఫ్లెక్సీ చూస్తే ఇంకా కడుపు మండింది. పై మూలలో ఆ దంపతుల బొమ్మ తపాలా బిళ్ళంత. కింద మా ఊరి పిల్లోళ్ళ తలకాయలు ఇరవై మూడు, ఒక్కొక్కటి గుమ్మడికాయంత, సగం మందికి నల్లద్దాలు. 'తెలుగింటి అల్లుడికి హృదయపూర్వక శుభాకాంక్షలు' అని రాసి, ఆ అల్లుడి పేరు రాసేది మరిచిపోయినారు. కేకు కోసి ఒకరి మొగాన ఒకరు పూసుకున్నారు. తినే వస్తువును మొగానికి పూసుకోవడం ఏ ఊరి పద్ధతి నాయనా? ఒక ముద్ద నా కాడికీ తెచ్చినారు. నేను వద్దన్నాను. తర్వాత తిన్నాను, పారెయ్యలేక.

తిన్నాక అడిగినాను. "ఒరే, ఇక్కడి నుంచి బండి కడితే మధ్యాన్నానికి పోయి రాగలిగే ఊళ్ళో ఒకాయన పుట్టినాడు. ఆయన ఈ దేశానికి రాష్ట్రపతి అయినాడు. ఎవరో చెప్పండి."

పిల్లోళ్ళు ఒకరి మొగాలు ఒకరు చూసుకున్నారు. ఒకడు "కలాం సారు" అన్నాడు. పాపం, కలాం గారిది రామేశ్వరం.

మా మనవడి పక్కకు తిరిగినాను. "నువ్వు కోచింగని హైదరాబాదులో రెండేండ్లు ఉంటివే, యాడుంటివి?"

"ఎస్సార్ నగర్లో, హాస్టల్లో."

"ఎస్సార్ అంటే?"

"అదేదో కంపెనీ కదా తాతా?"

నాకు నోట మాట రాలేదు. రెండేండ్లు ఆయన పేరు మీద ఉన్న వీధుల్లో తిరిగినాడు, ఆయన పేరు మీద ఉన్న స్టేషన్లో మెట్రో ఎక్కినాడు. చిన్నప్పుడు అనంతపురంలో క్రికెట్ చూపిద్దామని తోడుకొని పోయింది కూడా ఆయన పేరు పెట్టిన స్టేడియానికే. ఎస్ అంటే సంజీవ, ఆర్ అంటే రెడ్డి. నీలం సంజీవరెడ్డి. ఊరు ఇల్లూరు, మా జిల్లానే, మా గార్లదిన్నె పక్కనే.

నాయనా, ఇది చదివే పిల్లోడా, నువ్వూ ఫోను కింద పెట్టు. కొంచెంసేపు ఏమీ కాదు, అది యాడికీ పోదు. మా రోజుల్లో ప్రమాణ స్వీకారమంటే ఎట్లుండెనో చెప్తాను.

ముందు 1969 చెప్పాల. అది చెప్పకుంటే 1977 నీకు అర్థం కాదు. అప్పుడు నాకు 21 ఏండ్లు. సంజీవరెడ్డి గారు లోక్‌సభ స్పీకరు పదవి వదులుకుని రాష్ట్రపతికి నిలబడినాడు. కాంగ్రెసు పార్టీ పెట్టిన మనిషే, కానీ ఇందిరమ్మ మనస్సాక్షి ప్రకారం ఓటెయ్యమని చెప్పింది. మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటలేదు, రెండో ప్రాధాన్యం ఓట్లు లెక్కబెట్టాల్సి వచ్చింది. చివరికి వి.వి. గిరి గారికి 4,20,077, మనాయనకు 4,05,427. తేడా 14,650. ఆ అంకె మా నాయన చనిపోయేదాకా మరిచిపోలేదు. బ్యాంకు అప్పు ఎంతో అడిగితే తడుముకునేవాడు గానీ ఇది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఆ రోజు సంగటి ముద్ద ముందర పెట్టుకుని అట్లనే కూచున్నాడు. తిడదామంటే గెలిచిన గిరి గారు కూడా తెలుగాయనే, బరంపురంలో పుట్టినాయన. తెలుగాయన తెలుగాయన చేతిలో ఓడితే ఏడ్చేదా, నవ్వేదా అని మా నాయన ఆ రాత్రంతా తేల్చుకోలేదు.

ఓడిపోయి సంజీవరెడ్డి గారు జిల్లాకే వచ్చి సేద్యం చేసుకున్నాడు. అది చూడాల నువ్వు. ఆంధ్రప్రదేశ్‌కు మొట్టమొదటి ముఖ్యమంత్రి, 1956 నవంబరు ఒకటిన. కాంగ్రెసు పార్టీకి దేశమంతటికీ అధ్యక్షుడు. మళ్ళీ ముఖ్యమంత్రి అయి, బస్సులు జాతీయం చేసే కేసులో సుప్రీంకోర్టు ఒక మాట అన్నదని 1964లో కుర్చీ దిగి వచ్చినోడు. అంత మనిషి చెనిక్కాయ పంటకు వాన వస్తుందా రాదా అని మాతోపాటు మబ్బులు చూస్తా ఉంటే, ఓడిపోయినోడని మాకు ఎట్ల అనిపిస్తుంది? మా అవస్థలో ఉన్నోడని అనిపించింది.

తర్వాత ఎమర్జెన్సీ వచ్చె, పాయె. 1977 మార్చిలో ఓట్లు. ఆయన జనతా పార్టీ తరఫున నంద్యాలలో నిలబడినాడు. రాష్ట్రంలో ఉండేవి 42 సీట్లు. 41 కాంగ్రెసుకు పోయినాయి, మిగిలిన ఆ ఒక్కటీ ఆయనదే. మా జిల్లా కాంగ్రెసుకే వేసింది. నేనూ అటే వేసినాను, దాచేదేముంది. జూలైలో రాష్ట్రపతికి 37 మంది నామినేషన్లు వేసినారు, 36 చెల్లలేదు. మిగిలింది ఒక్కటే. పోటీ లేకుండా ఆయనే రాష్ట్రపతి. ఎనిమిదేండ్ల కిందట 14,650తో పోయింది, ఈసారి ఒక్క ఓటు కూడా లెక్కబెట్టకుండానే వచ్చింది. మా నాయన ఆ రోజు కడుపునిండా తిని, 1969 ముద్ద కూడా ఇప్పుడే తిన్నట్టుండాది అన్నాడు.

జూలై 25న ప్రమాణం. ఆ రోజు సోమవారం. నీకు సోమవారమంటే ఆఫీసుకు పోవాల్సిన రోజు. మా పక్క సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు, అది బసవన్న దినం. విత్తనం వేసే అదునులో ఊరంతా చేన్లలో ఉండాల్సింది, ఆ ఒక్క దినం మాత్రం ఎద్దులకు సెలవు, మనుషులకూ సెలవు. ఢిల్లీవాళ్ళు మా ఎద్దులను అడిగి ముహూర్తం పెట్టినట్టు కుదిరింది.

ముందు రోజు రాత్రి చావిట్లో కూటం. చుట్టరికాలు బయటికొచ్చింది అక్కడే. అంతకు ముందు ఎవరికీ గుర్తులేని బంధుత్వాలు. ఒకాయన మేనత్త తోడికోడలి చెల్లెల్ని ఇల్లూరికి ఇచ్చినారు. ఒకాయన వాళ్ళ తాత, ఇల్లూరోళ్ళ తాత ఒకే సంతలో ఎద్దులు కొన్నారు. చుట్టరికమే లేని ముసలాయన ఒకాయన లేచి, "ఆయన బావమరిది తరిమెల నాగిరెడ్డి మా చేలో మంచెక్కి మాట్లాడినాడు" అన్నాడు. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. 1952లో జైల్లో ఉండి ఎన్నికల్లో నిలబడి బావనే ఓడగొట్టిన మనిషి నాగిరెడ్డి. అప్పటికి ఆయన పోయి ఏడాది. బావ కాంగ్రెసు, బావమరిది కమ్యూనిస్టు, మా ఊరు ఇద్దరిదీ. ఆ రోజుల్లో పార్టీ వేరైతే మనిషి వేరయ్యేవాడు కాదు నాయనా. ఇప్పుడు అన్నదమ్ములు వాట్సాప్ గ్రూపుల్లో నుంచి ఒకరినొకరు తీసేస్తాండారు.

ఇంక రేడియో. పంచాయతీ రేడియో ఎప్పుడో మూగబోయింది. ఉండేది బడి పంతులు రేడియో ఒకటే, దాంట్లో సెల్లులు సగం చచ్చినవి. అనంతపురం పోయి కొత్తవి తెద్దామంటే బస్సు పోయింది. మరి ఏమి చేసేది? ఆదివారమే తీసి ఎండలో పెట్టినాము. సెల్లులు ఎండలో పెడితే కొంచెం ప్రాణం వస్తుంది, నీకు తెలియదు, మీరు గోడకు గుచ్చుతారు. ఆ ఏడాది వాన కోసం ఊరు ఊరంతా కండ్లు కాయలు కాసేట్టు చూస్తా ఉంటే, సరిగ్గా సోమవారం పొద్దున మబ్బు పట్టింది. అరవై ఏండ్ల సేద్యగాడు మా పెద్దనాయన మిద్దె మీద సెల్లుల పక్కన నిలబడి ఆకాశం పక్క చూసి, "ఇంకొక గంట ఆగి రాయే తల్లీ" అని వానకు దండం పెట్టినాడు. మా ఊళ్ళో వానను ఆగమన్నది అదొక్కసారే.

రేడియోను రచ్చకట్ట మీద పీట వేసి, పీట మీద తుండుగుడ్డ వేసి పెట్టినాము. ఏరియల్ తీగ వేపకొమ్మకు కట్టినాము. వచ్చేది హిందీ, లేకుంటే ఇంగ్లీషు. పంతులు చెవి పెట్టి విని, ఒక్కో మాట తెలుగు చేసి చెప్తాడు. "ఇప్పుడు జత్తి గారు వచ్చినారు" అన్నాడు. అంతవరకు తాత్కాలికంగా రాష్ట్రపతి పని చూసిన బి.డి. జత్తి గారు కన్నడాయన. ఇచ్చేది పక్క రాష్ట్రమాయన, తీసుకునేది మనాయన, వాళ్ళిద్దరూ కుర్చీలు మార్చుకుంటారని పంతులు చెప్పినాడు. మాది కన్నడ సరిహద్దు జిల్లా కదా, ఇదేదో ఇంట్లో పంపకం మాదిరే ఉండాదే అని అందరూ తల ఊపినారు.

ప్రధాన న్యాయమూర్తి బేగ్ గారు ప్రమాణం చేయించే వేళకు రేడియో గరగరమనింది. పంతులు ఒక తట్టు తట్టినాడు. ఇంకొకాయన ఇంకో తట్టు తట్టినాడు. అది ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. చెట్టు మీద కాకి తప్ప ఊళ్ళో చప్పుడు లేదు. నూట యాభై మంది ఊపిరి బిగబట్టి, ఆగిపోయిన రేడియోను చూస్తాండారు. అప్పుడు పంతులు గడియారం చూసుకుని, లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి, "అయిపోయింది" అన్నాడు.

ఔట్లు మొదలైనాయి. రాష్ట్రపతికి 21 ఫిరంగులు పేలుస్తారని పంతులు ముందే చెప్పి ఉండె. ఊళ్ళో జాతరకని దాచిన ఔట్లు లెక్కబెడితే 17. నాలుగు తక్కువ. తక్కువ చేస్తే ఇల్లూరోళ్ళు విని ఏమనుకుంటారు? చివరికి పదిహేడు ఔట్లు పేల్చి, మిగిలిన నాలుగింటికి ఊరి పెద్ద తప్పెటను నాలుగు దెబ్బలు కొట్టినారు. ఇరవై ఒకటి. లెక్క తప్పలేదు. ప్రతి దెబ్బకూ ఊరంతా గొంతెత్తి అంకె చెప్పినారు. నా చిన్న కూతురు అంకెలు నేర్చుకున్నది ఆ రోజే, ఇరవై ఒకటి దాకా.

తర్వాత బొరుగులు, బెల్లం, వేయించిన చెనిక్కాయ పప్పులు అందరికీ ఒకే చాటలో నుంచి పంచినారు. మధ్యాన్నం ఇండ్లలో ఓళిగలు. శనగబేడలు లేని ఇంటికి ఉండే ఇల్లు ఇచ్చింది. సాయంత్రం వాన వచ్చింది. రేడియో ఆగినాక మళ్ళీ మిద్దె మీద పెట్టిన సెల్లులు తీసుకోవడం మరిచిపోయినాము, అవి తడిసి చచ్చినాయి, పంతులు మాతో వారం మాట్లాడలేదు.

కొద్ది రోజులకు ఇంకో సంగతి వచ్చింది. రాష్ట్రపతి గారు జీతంలో నూటికి డెబ్బై వదులుకుంటానన్నాడంట, అంత పెద్ద భవనంలో కాకుండా చిన్న ఇంట్లో ఉంటానన్నాడంట. రాష్ట్రపతి భవన్‌లో 340 గదులని పంతులు చెప్తే మా అమ్మ, "మంచిపని చేసినాడు, పాపం, ఊడ్చేదెవరు?" అనింది. పేదోళ్ళ దేశంలో తాను ఎక్కువ తీసుకోకూడదని ఆయన అన్నాడు. మా అమ్మకు ఊడ్చే బాధ తెలుసు కాబట్టి అట్ల అర్థమయింది. రెండు అర్థాల్లో ఏదీ తప్పు కాదు.

ఒప్పుకోవాల్సిన మాట ఒకటి ఉండాది. ఆ ప్రమాణంలో ఒక్క అక్షరం మేము వినలేదు. మా మనవడు అమెరికా ప్రమాణం చూసినాడు, విన్నాడు, ముందుకు జరిపి వెనక్కు జరిపి మళ్ళీ చూసినాడు. కానీ మర్నాడు పొద్దున "ఆ అమ్మాయి కోటు ఏ రంగురా?" అంటే చెప్పలేదు. చేతిలో మూడో వీడియో, నాలుగో వీడియో నడస్తాండాయి. నాకు 47 ఏండ్లయినా ఆ రేడియో కింది తుండుగుడ్డ అంచు ఎర్రదని గుర్తుండాది. నడిచి పోయి, కాచుకుని కూచుని, నూట యాభై మందితో కలిసి వినలేకపోయింది గుర్తుంటుంది. పడక మీద వెల్లకిలా పడుకుని ఒక్కడే చూసింది గుర్తుండదు. ఇది నా గట్టి నమ్మకం, నాతో వాదించొద్దు.

మా ఇంట్లో ఒకతి వాదిస్తుంది. అది చెప్పకుంటే ఈ రాత అబద్ధమవుతుంది.

2022 జూలై 25. మళ్ళీ అదే తేదీ, మళ్ళీ సోమవారమే. 1977 నుంచి ఎన్నికైన రాష్ట్రపతులంతా ఆ తేదీనే ప్రమాణం చేస్తాండారు, మనాయన నుంచి మొదలైన వాడుక అది. ఆ రోజు ద్రౌపది ముర్ము గారి ప్రమాణం. చేయించింది ఎన్.వి. రమణ గారు, మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరమాయన. తెలుగు న్యాయమూర్తి ప్రమాణం చేయిస్తాంటే మా పిల్లోళ్ళు ఒక్క టపాసు కాల్చలేదు, ఒక్క కేకు కొయ్యలేదు. ఆ సంగతి మీదే నేను ఇంట్లో అరుస్తాంటే, నా భార్య టీవీ ముందర కండ్లద్దాలు పెట్టుకుని కదలకుండా కూచోనుండాది. టీవీలో ముర్ము గారిది తెల్లచీర, అంచు ఎర్ర పచ్చ. ఆయమ్మది ఒడిశాలో మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బెడ, సంతాలీ గిరిజనుల ఇల్లు. తమ ఊళ్ళో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి ఆడపిల్లను నేనే అని చెప్పింది.

నా భార్య టీవీ మీద నుంచి కండ్లు తీయకుండా, "ఆయమ్మ మన మాదిరే ఉండాదే" అనింది. కొంచెంసేపు ఆగి, "ఆ పొద్దు మీ ఇల్లూరాయన ప్రమాణమప్పుడు నేను యాడుంటినో తెలుసునా?" అనింది.

"ఇంట్లో ఉంటివి."

"ఓళిగలకు పూర్ణం రుబ్బుతాంటి. రేడియోలో ఏమి చెప్పినారో నాకెవరన్నా వచ్చి చెప్పినారా? మీరు ఔటు పేలిస్తే దూడ బెదిరి పలుపు తెంచుకుని పాయె. దాని వెనక వంక దాకా పరిగెత్తినాను. వచ్చేసరికి బొరుగులు అయిపోయినాయి."

రచ్చకట్ట కాడ నూట యాభై మంది అని చెప్పినాను కదా. మొగోళ్ళు నూట యాభై. నేను ఇన్నేండ్లు ఊరంతా అనే చెప్పుకుంటా వచ్చినాను. ఈ ఒక్క విషయంలో ఇప్పటి కాలం మేలు. ఇంకే విషయంలోనూ కాదు, ఈ ఒక్కదాంట్లో.

సరే, మొన్న టపాసుల రాత్రికి మళ్ళీ వస్తాను. నాకు తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. పొద్దున లేచి అటక మీద నుంచి మా నాయన ట్రంకుపెట్టె దించమన్నాను మనవడిని. అందులో ఒక అర్జీ ఉండాది. 1977 ఆగస్టులో ఊరు ఊరంతా కలిసి రాష్ట్రపతి గారికి రాసింది. మనోడు అంత పైన కూచుంటే అడక్కుండా ఎట్లుంటాము? మా ఊరికి రెండు పూటలా బస్సు కావాల. వంక మీద వంతెన కావాల. మూడోది వాన దగ్గర ఆగింది. వాన గురించి కూడా రాయాలని పెద్దనాయన పట్టు. వాన మీద రాష్ట్రపతికి అధికారం లేదని పంతులు. "దేశంలో అందరికన్నా పైన ఉండేది ఆయనే అని నువ్వే అంటివి. మబ్బు ఆయనకన్నా పైన ఉండాదా?" అన్నాడు పెద్దనాయన. పొద్దు గూకేదాకా తగువు నడిచి, చివరికి 'వానల విషయం తమకు తెలియనిది కాదు' అని ఒక వాక్యం రాసి ఇద్దరినీ ఒప్పించినారు.

అది పోస్టు కాలేదు. మొదటి సంతకం ఎవరిదో తేలలేదు. సర్పంచు నాదే అన్నాడు, గ్రామ మునసబు నాదే అన్నాడు, మేనత్త తోడికోడలి చుట్టరికమాయన బంధువును నేనుండగా మీరెవరు అన్నాడు. సరే, పై గీత ఖాళీ పెట్టండి, తేలినాక రాద్దామని కింద నుంచి మొదలుపెట్టినారు. సంతకాలు, వేలిముద్రలు కలిపి 63. పై గీత తేలకముందే మునసబు, సర్పంచు మాటలు మానుకున్నారు. కాగితాన్ని మా నాయన పెట్టెలో పెట్టినాడు. అది అట్లనే ఉండిపోయింది.

మనవడు మడతలు జాగర్తగా విప్పినాడు. ఫోటో తీసినాడు. వద్దంటే వినలేదు. గంటలో ఆ ఫ్లెక్సీ పిల్లోళ్ళంతా మా వరండాలో ఉన్నారు. ఒక్కొక్కడూ వాళ్ళ తాత వేలిముద్ర యాడుండాదో వెతుకుతాండాడు. ముద్రల పక్కన పేర్లు పంతులు రాసినాడు కాబట్టి దొరికినాయి. రాత్రి మొగానికి కేకు పూసుకున్నోడొకడు వాళ్ళ జేజినాయన ముద్ర మీద తన బొటనవేలు ఆనించి చూసుకుంటా చాలాసేపు మాట్లాడకుండా కూచున్నాడు. నేనూ ఏమీ అనలేదు.

"తాతా, పైన ఎందుకు ఖాళీ?" అన్నాడు మనవడు. చెప్పినాను. నవ్వినారు. అప్పుడే కాఫీ తెచ్చిన నా భార్యను చూసి, "అవ్వా, ఇందులో నీ సంతకం ఏది?" అన్నాడు.

"నన్నెవురడిగినార్రా?" అనింది.

వాడు జేబులో పెన్ను తీసి ఇచ్చినాడు. నా భార్య కాఫీ లోటాలు కింద పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, కూచుని, ఆ పై గీత మీద తన పేరు రాసింది. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు, పెద్దవి, గుండ్రనివి. ఇంటిపేరుతో సహా రాసింది, పుట్టింటి ఇంటిపేరు. సర్పంచు, మునసబు ఇద్దరూ పోయి చాలా ఏండ్లయింది గానీ వాళ్ళ మనవళ్ళు అక్కడే నిలబడి ఉండారు. ఎవరూ అడ్డం చెప్పలేదు. నేను ఒక మాట చెప్పబోయినాను, చెప్పలేదు.

ఇప్పుడు పిల్లోళ్ళంతా దాన్ని ఢిల్లీకి పంపాల్సిందే అంటాండారు, ముర్ము గారికి. బస్సు వచ్చేసింది కాబట్టి ఆ కోరిక కొట్టెయ్యాలని ఒకడు. వంతెన రాలేదు కాబట్టి అది ఉండాల, దాని మీద ఎవరికీ తగువు లేదు. తగువంతా మూడోదాని మీదే. ఈ కాలంలో రాష్ట్రపతికి వానల గురించి రాస్తే నవ్వుతారని చదువుకున్న పిల్లోళ్ళు, పెద్దోళ్ళు రాసిన వాక్యం ముట్టుకోకూడదని మిగతా వాళ్ళు. నాలుగు రోజులుగా రచ్చకట్ట కాడ ఇదే. రాత్రి పది దాటినా లేవడం లేదు, నాకు నిద్ర లేదు.

నేను మాత్రం వానల వాక్యం ఉండాలనే పక్షం.